మోటారు కింద నా తీగ

నేను కుళ్ళుబోతునని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకేం సిగ్గులేదు. అప్పుడైతే చచ్చినా ఒప్పుకునేవాణ్ణి కాదు. ఎనభైల చివర్లో అమీర్‌పేటలో రేడియోలూ టీవీలూ బాగుచేసే దుకాణంలో మెకానిక్‌గా పనిచేసేవాణ్ణి. ముప్ఫై దాటాయి, చేతిలో పనుంది, మా సేటు పదిమందిలో నన్ను మెచ్చుకునేవాడు. అన్నీ బాగానే ఉన్నాయి, భాయ్ వచ్చేదాకా.

భాయ్ అంటే నా తర్వాత నాలుగేళ్ళకు దుకాణంలో చేరిన మెకానిక్. అందరూ అలాగే పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఏడాది తిరక్కుండానే కిటికీ పక్కన, ఫ్యాను కింద బల్ల అతనిదైంది. కలర్ టీవీ వస్తే సేటు తిన్నగా అతని బల్ల మీద పెట్టించేవాడు. నాకు పాత రేడియోలు, టేపు తినేసే టేప్‌రికార్డర్లు. గడప ఎక్కిన ప్రతివాడూ "భాయ్ ఉన్నడా?" అని అడిగేవాడు, నేను ఎదురుగా కొండలా కూర్చున్నా సరే. ఉన్నడు, ఏడికి పోతడు అని లోపల గొణుక్కుని చెయ్యి అటు చూపించేవాణ్ణి.

అతను చెడ్డవాడైనా అయ్యుంటే నాకు సుఖంగా ఉండేది. కాదు. చాయ్ తెప్పిస్తే ముందు గ్లాసు నా బల్ల మీద పెట్టించేవాడు. తెలియనిది ఉంటే లేచి వచ్చి "అన్నా, జర గిది చూడు" అని అడిగేవాడు. చెప్పింది ఒక్కసారి విని, నాకంటే బాగా చేసేవాడు. అతను తీగ అతికించడానికి సోల్డర్ పెడితే ఆవగింజంత, గుండ్రంగా, మెరుస్తూ ఉండేది. నాది గట్టిగా ఉండేది గానీ చూడ్డానికి అసహ్యం. తీగ కొసను మూడు మెలికలు తిప్పి, దాని మీద ఇంత సీసం కుప్ప పోయడం నా అలవాటు. నేను చేసిన పని పదేళ్ళ తర్వాత విప్పినా ఎవరు చేశారో మా దుకాణంలో అందరికీ తెలిసేది.

మా సేటు పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎవడి పనిని వాడు పరీక్ష చేసుకోకూడదు. నువ్వు బాగుచేస్తే పక్కవాడు మీటర్ పెట్టి చూడాలి, చూసినవాడే స్విచ్ వెయ్యాలి. చేసినవాడికి తన తప్పు కళ్ళెదుటే ఉన్నా కనపడదనేవాడు సేటు. అందుకని భాయ్ పనికి నేను, నా పనికి భాయ్. రోజుకు నాలుగైదుసార్లు నేను అతని బల్ల దగ్గరికి వెళ్ళి తప్పు కోసం వెతికేవాణ్ణి. దొరికేది కాదు.

నాకంటూ మిగిలిన గొప్ప ఒకటే. పంజాగుట్టలో ఒక సారు ఉండేవాడు. రైల్వేలో లోకో షెడ్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఉద్యోగంలో ఉండగా ట్రైనింగుకని జర్మనీ పంపిస్తే, అక్కణ్ణుంచి బొమ్మ స్టీమింజను ఒకటి కొనుక్కొచ్చుకున్నాడు. బొమ్మంటే ఆడుకునే బొమ్మ కాదు. జానెడు పొడవు, అసలు ఇంజనుకున్న ప్రతి గొట్టమూ ప్రతి మరా దానికీ ఉన్నాయి. ముందు గదిలో పెద్ద ప్లైవుడ్ చెక్క మీద గుండ్రంగా పట్టాలు, ఒక చిన్న స్టేషను, కరెంటుతో నడిచే బండి. రెండేళ్ళుగా దాని మంచీ చెడ్డా నావే. చక్రాలు తుడిచేది నేను, మోటారుకు కార్బన్ ముక్కలు మార్చేది నేను. ఆయన మా దుకాణానికి వస్తే నన్నే అడిగేవాడు. ఆ ఒక్క మనిషీ "భాయ్ ఉన్నడా" అనడు కదా అని నాకు ఎంత తృప్తో చెప్పలేను.

ఆ ఇంజనులో సారుకు నచ్చనిది ఒకటుంది. ముందున్న దీపం, వడ్లగింజంత బల్బు, బండి నడిస్తేనే వెలిగేది. పట్టాల్లో కరెంటు ఎక్కువైతే బండి జోరు, దీపమూ జోరు. బండి ఆపితే కరెంటు లేదు, దీపమూ లేదు.

"స్టేషన్‌లో ఆగిన ఇంజన్ని చూశావా నువ్వు? ఆగినా బతికే ఉంటుంది. దీపం వెలుగుతూ ఉంటుంది. ఇదేంటి, ఆపగానే చచ్చిపోతుంది" అనేవాడు.

ఒకరోజు ఆయన పార్సిలు చంకలో పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. జర్మనీలో అప్పట్లో సారుకు పని నేర్పిన ఇంజనీరు, సారు ఉత్తరం రాసి అడిగితే పంపించాడట. ఒక కంట్రోలు పెట్టె, ఇంజను లోపల పెట్టే వేలెడంత బోర్డు. దాని పేరు డీకోడర్. ఇక పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. బండిని నడపమనీ ఆపమనీ పెట్టె నుంచి బోర్డుకు హుకుం వెళుతుంది, దీపం మాత్రం ఆరదు. నేను లేచి చేతులు తుడుచుకుంటున్నాను. సారు నా వైపు మెత్తగా చూసి, "ఏమనుకోకు. ఇది ఐసీ చిప్పుల పని కదా. సన్నటి సోల్డర్ కావాలి. భాయ్ చేత చేయిద్దామనుకుంటున్నా. నువ్వు పక్కనుండి చూడు" అన్నాడు.

ఒళ్ళంతా మండిపోయింది నాకు. ఏమనుకోకట! రెండేళ్ళు మసి తుడవడానికి నేను, ముద్దొచ్చే పనికి అతనూనా? పైకి మాత్రం మంచిది సార్ అన్నాను. ఆ పూట చాయ్ తాగలేదు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం పంజాగుట్ట వెళ్ళాం. పార్సిలుతో వచ్చిన కాగితం జర్మన్‌లో ఉన్నా, బొమ్మలు స్పష్టంగా ఉన్నాయి. మొదటి బొమ్మలోనే మోటారుకూ ఇంజను బాడీకీ మధ్య పెద్ద ఇంటూ గుర్తు. అంటే మోటారు తీగ ఏదీ బాడీకి తగలకూడదు. తగిలితే బోర్డు కాలిపోతుంది.

ఆ ఇంటూ గుర్తు మీదే నా కన్ను ఆగిపోయింది. అంతకు ముందు ఏడాది ఆ మోటారు తీగ ఒకటి తెగితే బాగుచేసింది నేనే. రేడియోలో ప్రతిదాని ఎర్తూ బాడీకే ఇస్తాం. చేతికి అదే అలవాటు. మోటారు విప్పి, దాని కింది వైపు నుంచి ఒక తీగ తీసి, మూడు మెలికలు తిప్పి బాడీకి అతికించేశాను. పాత పద్ధతిలో అది తప్పేం కాదు, బండి మహా బాగా నడిచింది. ఇప్పుడు అదే తీగ బోర్డును తినేస్తుంది. పైనుంచి చూస్తే కనపడదు. దాని సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

చెబుదామనే నోరు తెరిచాను. ఆ మాట నిజం. కానీ అప్పుడే సారు కుర్చీ దగ్గరికి లాక్కుని, భాయ్ చేతులకేసి చూస్తూ, ఇలాంటి చెయ్యి మా షెడ్‌లో ఒక్కడికి కూడా లేదయ్యా అన్నాడు. నా నోరు మూసుకుపోయింది.

భాయ్ బొమ్మలో ఉన్నట్టే మోటారును బాడీకి కలుపుతూ పైన కనిపించే రేకు బిళ్ళ తీసేశాడు, తీగలు విడదీశాడు, బోర్డును బాయిలర్ లోపల పొందిగ్గా అమర్చాడు. దీపం తీగలు కూడా అతికించాక తలెత్తి నన్ను అడిగాడు.

"అన్నా, గీ ఇంజన్ల ఇదివరకు పని చేసింది నువ్వే గద. మోటర్‌కెంచి బాడీకి ఇంకేమన్న ఉన్నదా?"

"ఏం లేదు" అన్నాను.

అడిగిన వెంటనే, ఆలోచించకుండా అన్నాను. పద్ధతి ప్రకారం మీటర్ నా చేతికిచ్చాడు. పట్టాల తీగలు చూశాను, దీపం తీగలు చూశాను. మోటారు దగ్గర మాత్రం మీటర్ తీగ ముల్లు ఆనించలేదు. అంతా బాగుందని చెప్పి, ఇంజన్ని స్టేషను ముందు నిలబెట్టి, స్విచ్ వేశాను.

దీపం వెలిగింది. బండి కదల్లేదు, దీపం వెలిగింది. సారు కుర్చీలోంచి లేచి, వంగి, ఆ స్టేషను చెక్క మీద పడిన వెలుగుకేసి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత లోపలికి కేకేసి భార్యను పిలిచాడు. ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, అయ్యో ఎంత బాగుందండీ అంది. మోటారుకు ఇంకా కరెంటు వెళ్ళలేదు. అప్పుడు చెప్పినా సరిపోయేది. ఒక్కమాట, నడపకండి సార్ అంటే చాలు. వాళ్ళిద్దరూ భాయ్ వైపు చూసి నవ్వుతున్నారు. నేను చెప్పలేదు.

సారు బండిని నడిపే నాబ్ పెట్టె మీద తిప్పాడు. ఇంజను ఒక్క కుదుపు ఇచ్చి ఆగిపోయింది. దీపం పోయింది. కాలిన వాసన మా ముగ్గురికీ తెలిసిన వాసనే.

భాయ్ ఇంజన్ని తిరగేసి, ఈసారి మోటారు కూడా విప్పాడు. కింద నా తీగ ఉంది. మూడు మెలికలు, సీసం కుప్ప. దాని వంక చాలాసేపు చూశాడు. నా వైపు ఒక్కసారే చూశాడు. కట్టర్‌తో ఆ తీగ తెంపి జేబులో వేసుకుని, సారుతో అన్నాడు:

"తప్పు నాదే సార్. మోటర్ కింద చూడకపోతి."

సారు పెట్టె స్విచ్ తీసేసి, పోన్లే అన్నాడు. ఇంకొకటి తెప్పిద్దామని భాయ్ అంటే తల అడ్డంగా ఊపాడు. ఒకసారి అడగడానికే ఎన్నాళ్ళో మొహమాటపడ్డానని, ఆ ఇంజనీరు పంపింది కాల్చేశాను, మళ్ళీ పంపమని ఏ మొహంతో రాయమంటావని అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు భాయ్ సైకిలెక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. నేనూ నడిచాను. అమీర్‌పేట చౌరస్తా దాకా వచ్చాం. అక్కడ విడిపోయేముందు, "అడిగిన గద అన్నా" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే నేనూ రెండు తిట్టి తేలికపడేవాణ్ణి.

మర్నాటి నుంచి తన పని తానే మీటర్ పెట్టి చూసుకున్నాడు. ఇదేం పద్ధతని సేటు కోప్పడితే, అన్నకు పని ఎక్కువున్నది సేట్ అన్నాడు. చాయ్ వస్తే ముందు గ్లాసు మాత్రం నా బల్ల మీదే పెట్టించేవాడు.

వారం తర్వాత సారు కబురు పెట్టాడు. ఇంజను పాత పద్ధతిలోకి మార్చమని. నన్నే రమ్మన్నాడు. నేను కోరుకున్నది అదే కదా, దొరికింది. మోటారుకు కొత్త తీగ వేశాను. మూడు మెలికలు తిప్పబోయి, ఆగి, ఎంత సన్నగా చేతనైతే అంత సన్నగా అతికించాను. బండి నడిచింది. దీపం వెలిగింది. సారు దాన్ని ఒక చుట్టు తిప్పాడు, రెండు చుట్లు తిప్పాడు, పది చుట్లు తిప్పాడు. ప్రతిసారీ స్టేషను వస్తుంది, వెళ్ళిపోతుంది. కాఫీ ఇచ్చారు, తాగాను, బండి ఇంకా తిరుగుతూనే ఉంది.

"స్టేషన్ల ఆపరా సార్?" అని అడిగాను.

"ఆపితే దీపం పోతుంది కదయ్యా" అన్నాడు, కంట్రోలు మీంచి చెయ్యి తియ్యకుండా.