కార్డు పళ్లకు పూసిన పసుపు

ఇటు దగ్గరికి జరిగి కూసోండమ్మా, చాప మీద చోటుండాది. నేను చదివింది మూడో తరగతి వరకే. అయినా కండ్లతో చూసింది, చెవులతో విన్నది నా దగ్గర చెరిగిపోదు. మా కోడలి కంప్యూటరుకు నేను చేసిన పని ఒకటుండాది. అది చెప్తాను, వినండి.

మాది పుంగనూరు పక్కన పల్లె. కోడలి పుట్టిల్లు కుప్పం. ఆ పిల్ల కంప్యూటర్లో ఇండ్లు కడుతుంది. ఇంకా పునాది కూడా తీయని ఇంటిని బొమ్మగా కట్టి, గడప దాటి గది గదికీ మనమే నడిచిపోతున్నట్టు వీడియో చేస్తుంది. పెండ్లయి మా ఇంటికొచ్చినాక ఆమెకు మొదటి పని మదనపల్లెలో ఒక ఇంజనీరు ఇచ్చినాడు. "శుక్రవారం పొద్దున్నే ఇంటివాళ్లు చూసేదానికి వస్తారు. ఆ లోపల వీడియో పంపించమ్మా. బాగుంటే ఇంకముందు నా పనులన్నీ నీకే. ఆలస్యమైతే మాత్రం బెంగుళూరోళ్లకు ఇచ్చేస్తాను" అన్నాడు ఫోన్లో. నేను పక్కన అనపకాయలు ఒలుస్తా విన్నాను.

ఆమె కంప్యూటరు పాతది. ఒక్క గది బొమ్మ తేలేసరికే సగం రోజు పట్టేది. దానికి బలం రావాలంటే గ్రాఫిక్స్ కార్డు వేయాలని, మదనపల్లెలో ఎవరో వాడి తీసేసింది ఒకటి తెచ్చుకొనింది. కంప్యూటర్లో ఉండేది లినక్స్ అనే సిస్టం. అదేందని నేను అడిగితే, "మనం తోడుకు మజ్జిగ అడుగుతాం గదత్తా, ఎవురైనా ఊరికే ఇస్తారు, ఎవురింట్లో వాళ్లు తోడేసుకుంటారు. ఇదీ అంతే" అనింది. కార్డు పెట్టినంత మాత్రాన చాలదంట. కార్డు మాట సిస్టానికి, సిస్టం మాట కార్డుకు అందించే డ్రైవరును ఎక్కించాలంట.

బుధవారం మధ్యాహ్నం కంప్యూటరు పెట్టె మూత తీసి, కార్డు మంచం మీద పెట్టి, స్క్రూడ్రైవరు కోసం లోపలికి పోయింది. మా ఇంట్లో బోరు మోటరు వచ్చినా, కొత్త పార వచ్చినా, పసుపు రాసి బొట్టు పెట్టకుండా పనిలోకి దింపం. దీనికి మాత్రం ఎందుకు తక్కువ చేయాల అనుకున్నాను. కార్డంతా నల్లగా ఉండాది, కింద అంచున మాత్రం సన్నటి బంగారు పళ్లు వరసగా మెరుస్తాండాయి. ఆ చోటే బాగుండాదని, వెనకపక్క ఆ పళ్ల మీద తడిపసుపు పూసి చిన్న బొట్టు పెట్టినాను. ఆమె వచ్చి ముందుపక్కే చూసుకొని, కార్డును గాడిలో గుచ్చి మూత వేసేసింది. నేనూ ఏమీ చెప్పలేదు. చెప్పేంత పనని అనుకోలేదు.

తెర మీద తెరుచుకున్న నల్లటి కిటికీలో ఏవో మాటలు కొట్టింది. మూతి విప్పిన మూటలోంచి రాగులు జారినట్టు అక్షరాలు జలజలా జారినాయి. ఆపి మళ్లీ ఆన్ చేస్తే సిస్టానికి కార్డు కనపడలేదు. డ్రైవరు సరిపోలేదేమోనని అది తీసేసి వేరేది ఎక్కించింది. ఒకసారి తెర మొత్తం నల్లబడి, తిరిగి రావడానికి గంటసేపు పట్టింది. అన్నం కూడా అక్కడే తినింది, తెర మీదనుంచి కన్ను తీయకుండా.

గురువారం పొద్దున కుప్పంలో వాళ్లన్నకు ఫోన్ చేసింది. ఆయన అక్కడ బడిలో పిల్లకాయలకు కంప్యూటరు చెప్తాడు. ఫోన్ బిగ్గరగా పెట్టినందుకు నాకూ వినబడింది.

"లోపలుండే వస్తువుల పట్టీ అడిగి సూడు మ్మే. కార్డు పేరు వస్తాండాదా?"

"లేదన్నా."

"అయితే డ్రైవరుది కాదు తప్పు. కార్డు పళ్లు గాడిలో గట్టిగా కూసున్నాయా?"

పళ్లు అనే మాట చెవిన పడగానే నా చేతిలో చేట ఆగిపోయింది. నేను పసుపు పూసిన చోటు కండ్ల ముందుకొచ్చింది. లేచి ఆవుకు నీళ్లు పెట్టే సాకుతో కొట్టంలోకి పోయినాను. చదువు లేని ముసిల్ది చేయి పెట్టి చెడగొట్టిందని ఊరంతా అనుకుంటారే అని భయం. కుప్పందాకా పోతుంది ఆ మాట. నీళ్లు తాగేసి ఆవు నా మొహమే చూస్తాండాది.

తిరిగి వచ్చేసరికి కోడలు అంటాండాది: "నొక్కి చూసినాను, గట్టిగానే ఉండాది. నాకే సరిగ్గా రాలేదన్నా. ఇంజనీరుకు ఫోన్ చేసి నా వల్ల కాదని చెప్పేస్తా."

తప్పు నాది, తల వంచుకునేది ఆ పిల్ల. అది చూసి తట్టుకోలేకపోయినాను. "ఫోన్ చేయొద్దమ్మా. ఆ పళ్లకు నేను పసుపు పూసినాను" అన్నాను.

ఆమె కరెంటు తీసేసి, కార్డు బయటికి లాగి తిప్పి చూసింది. ఎండిపోయిన పసుపు పక్కుకట్టి ఉండాది.

"అత్తా, బొట్టు గూడానా?"

"బొట్టు లేకుండా ఉత్త పసుపెట్ల పెడతారమ్మా?"

ఫోన్లో వాళ్లన్న పడిపడి నవ్వినాడు. "అత్తా, ఇన్నేండ్లలో ఈ రోగం నేను యాడా సూడలేదు. పెన్సిలు చెరిపే రబ్బరుతో నిదానంగా రుద్దు మ్మే."

ఆమె రుద్దింది, నేను దీపం ఒత్తులు చేసే పత్తితో పొడి తుడిచినాను. మళ్లీ గుచ్చి పట్టీ అడిగితే ఈసారి కార్డు పేరు వచ్చింది. పాత డ్రైవర్లన్నీ ఊడబెరికి, కొత్తగా ఎక్కించింది. మధ్యలో సిస్టం ఎనిమిది అంకెల రహస్యం నంబరు ఒకటి పెట్టమని అడిగింది. ఆపి ఆన్ చేసేటప్పుడు నీలం పేజీ వస్తుందని, ఈ డ్రైవరును లోపలికి రానీయాలా అని యజమానిని అడుగుతుందని, పది లెక్కపెట్టే లోపల మీట నొక్కకుంటే పోతుందని వాళ్లన్న చెప్పినాడు.

"అంకెలు నువ్వు పెట్టుకో అత్తా, నేను కంగారులో మరిచిపోతా" అనింది కోడలు.

అప్పుడే తప్పు చేసిన దాన్ని నేను. నన్నే నమ్మింది. మా ఆవు చెవికి వేసిన బిళ్ల మీది నంబరులో చివరి ఎనిమిది అంకెలు చెప్పినాను. నీలం పేజీ వచ్చింది. ఆమె మీట నొక్కింది, నేను ఒక్కొక్క అంకె పలికినాను. ఆమె కొడతాండాది గానీ తెర మీద ఏమీ పడలేదు. అది అంతేనంట, రహస్యం గదా. కొంతసేపటికి తెర తెల్లగా తెరుచుకొనింది. ఇంటి బొమ్మ తిప్పితే బొంగరం మాదిరి తిరిగింది.

సాయంత్రానికి గదులన్నీ అయినాయి. శుక్రవారం పొద్దున వీడియో మదనపల్లెకు పోయింది. మధ్యాహ్నం అన్నాలకు ముందే ఇంజనీరు ఇంకో ఇంటి ప్లాను పంపించినాడు.

నేను పసుపు గిన్నె దాచిపెట్టేసినాను. కోడలే వెతికి తెచ్చి నా చేతిలో పెట్టి, "పెట్టెకు పెట్టు అత్తా, బయటిపక్క" అనింది. పెట్టినాను. ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం పెడతాను. ఒక్క పూట నోరు తెరవకుండా ఉన్నందుకు ఆ పిల్ల పని పోయేది గదా అని, పెట్టినప్పుడల్లా అనుకుంటాను.

ఇంతసేపు కూసోని విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో తప్పు చేసినోళ్లకు చెప్పే ధైర్యం, విన్నోళ్లకు నవ్వే మనసు ఉండాల. మీ గడప పసుపు ఎప్పుడూ తడారకుండా ఉండాల.