మోకాటి లోతు

మా వీధి చివర మురుగుకాలువ మీద కొత్తగా స్లాబు పోశారు. పైన గోనెపట్టలు పరిచి ఉదయం సాయంత్రం నీళ్లు కొడుతున్నారు. వాకింగు పేరుతో ఇంట్లోంచి బయలుదేరి రోజూ అక్కడే ఆగిపోతున్నాను. తడిసిన గోనె, దాని కింద ఇంకా పచ్చిగా ఉన్న సిమెంటు కలిసి ఒక వాసన వస్తుంది. పక్కనే ఇస్త్రీ బండి పెట్టుకునే అతను నిన్న ఉండబట్టలేక, "ఏంది సార్, కాలవలో ఏమన్నా పడిపోయిందా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆ వాసనకు నాకు మస్తాన్ సాహెబ్ గారు గుర్తొస్తారనీ, ఆయన గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండుతుందనీ ఇస్త్రీ చేసుకునే మనిషికి ఏమని చెప్పను?

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి ఏళ్లవి. గిద్దలూరు, మార్కాపురం అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉండేవి. గిద్దలూరులో రోడ్ల పనులు చూసే సెక్షనులో నేను వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరాను. ఉద్యోగం టెంపరరీ, ఒంటి మీద ఖాకీ నిక్కరు, బుర్ర నిండా పొగరు. మా ఓవర్సీరు మస్తాన్ సాహెబ్ గారిది మార్కాపురం. వాళ్ల నాయనకు అక్కడ పలకల దుకాణం ఉండేది. చిన్నప్పటినుంచీ పలకలు తట్టి చూసి మంచి చెడ్డ చెప్పడం అలవాటై ఆయనకు రాయి విషయంలో చెవి కుదిరింది. సైకిలు హ్యాండిలుకు వేలాడే సంచిలో చిన్న సుత్తి ఉండేది. కాంట్రాక్టరు తెచ్చిన రాళ్లను ఒక్కొక్కటే తట్టి, మోత నచ్చకపోతే, "ఈ రాయి మీ ఇంటి గడపకు పెట్టుకుంటావా అన్నా?" అని నెమ్మదిగా అడిగేవారు. ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. ఆ కాంట్రాక్టర్లు తిట్టేవాళ్లకు భయపడేవాళ్లు కాదు గానీ, ఈ ప్రశ్నకు మాత్రం రాళ్లు బండికెత్తుకుని వెనక్కి పోయేవాళ్లు.

మా సెక్షనులో ఒక పల్లెకు పోయే మట్టిరోడ్డు మీద, వాగు దాటే చోట, పాతకాలపు బండల కల్వర్టు ఒకటి సగం పూడి, ఒక పక్క గోడ ఒరిగి ఉండేది. దాన్ని బాగుచేయడానికి అంచనా పంపమని పైనుంచి కాగితం వచ్చింది. ఆ వేసవిలో సాహెబ్ గారికి వేరే రోడ్డు మీద కంకర పని నెత్తిన పడటంతో నన్ను ఒక్కడినే పంపారు. వాగులో చుక్క నీరు లేదు. లెవెలు చూశాను, టేపు పట్టాను, వాగు అడుగు నుంచి రోడ్డు దాకా అయిదడుగులని రాసుకున్నాను. ఇక వరద ఎంత ఎత్తు వస్తుందో తెలియాలి. గొర్రెలు తోలుకుపోతున్న ఓబులేసు అనే ముసలాయన కనిపిస్తే వాగు వస్తే నీళ్లు ఎంత లోతుంటాయని అడిగాను. "మోకాటి లోతు వస్తాది సామీ" అన్నాడు. వాగు అడుగునుంచి అడుగున్నర అని లెక్కకట్టి పుస్తకంలో రాసేశాను. ఆ కాసిని నీళ్లకు రెండు వరసల తూములు చాలు. అంచనా తయారుచేసి ఇచ్చాను. సాహెబ్ గారు కంకర పని దుమ్ములోనే నిలబడి సంతకం పెట్టారు. నేను అంత త్వరగా పని తెమిల్చినందుకు వీపు కూడా తట్టారు.

మంజూరు వచ్చేసరికి ఏడాది తిరిగింది. వానలకు రెండు నెలలు కూడా లేవు. పాత గోడ విప్పి పునాది తవ్వితే గట్టి నేల తగలాల్సిన లోతులో మెత్తటి బంకమట్టి తగిలింది. ఇంకా మూడడుగులు దిగితే తప్ప గరుసు రాదు. అది ఒక ఖర్చు. సాహెబ్ గారు గోతిలోకి దిగి, మట్టి వేళ్ల మధ్య నలిపి చూసి, పైకి వచ్చి ముఖం తుడుచుకుంటూ గట్టు మీది తుమ్మచెట్టు వైపు చూశారు. రోడ్డుకంటే పైన ఉన్న కొమ్మల్లో ఎండిన గడ్డి, చింపిరి గుడ్డపీలికలు చిక్కుకుని ఉన్నాయి. పోయిన ఏడాది నేను ఆ చెట్టు నీడనే కూర్చుని అన్నం తిన్నాను. తల మాత్రం ఎత్తలేదు.

"రంగయ్యా, ఆ గడ్డి అక్కడికి ఎవురు పెట్టినారు?" అని అడిగారు.

ఓబులేసు నాతో అన్న మాట చెప్పాను. ఓబులేసును పిలిపించారు. "మామా, వాగు ఎంత వస్తాదో నిలబడి చూపించు" అన్నారు. ఆ ముసలాయన వాగులోకి దిగలేదు. కర్ర చంకన పెట్టుకుని నేరుగా రోడ్డు మీదికి నడిచి, కల్వర్టు నడిమధ్యన నిలబడి, వంగి మోకాలు పట్టుకుని చూపించాడు.

"మోకాటి లోతే అని చెప్తివి కదా తాతా!" అని అరిచాను.

"మోకాటి లోతే గద సామీ! ఈడ నిలబడితే మోకాటికి వస్తాది. వాగులోకి మేమెందుకు దిగుతాం? దారెంబడి గద మేము పోయేది."

తప్పు ఆయనది కాదు. ఆ పల్లెలో ఎవరిని అడిగినా లోతు అంటే దారి మీద నిలబడి చూసుకునే లోతే. కూలీలు నవ్వారు. నాకు ఆ గోతిలోకే దూకి మట్టి కప్పుకోవాలనిపించింది. సాహెబ్ గారు నవ్వలేదు. ముసలాయనకు బీడీ ఇచ్చి, అగ్గిపుల్ల గీసి పట్టుకుని, ఇళ్లలోకి నీళ్లు ఎన్నిసార్లు వచ్చాయో, ఎవరి ఇంటిదాకా వచ్చాయో ఓపిగ్గా అడిగి తెలుసుకున్నారు. తరవాత నాతో అన్నది ఒక్కటే మాట. "ఇకమీద ఎవురైనా కొలత చెప్తే, యాడ నిలబడి చెప్తున్నారో అది గూడ రాసుకో బేటా."

ఆ మధ్యాహ్నం కంకర కుప్ప మీద కూర్చుని ఇసుకలో పుల్లతో గీశారు. తూములు తీసేయాలి. నడుమ ఒక గోడ లేపి, నీళ్లు పోయే రెండు కళ్లతో బండల కల్వర్టు కట్టాలి. ఖర్చు ఒకటిన్నర రెట్లవుతుందని నేను నసిగాను. "పెరిగేది రాసుకో, తగ్గేది గూడ రాసుకో" అన్నారు. పాత గోడ రాళ్లు తట్టి చూసి పనికొచ్చేవి విడిగా పెట్టించారు. పక్క పిట్టగోడలు మానేసి వాటి చోట బండ్లు పక్కకు జారకుండా కాపురాళ్లు నాటమన్నారు. సున్నం దూరం నుంచి తెప్పించకుండా దగ్గరి చేలల్లోని సున్నపురాయిని ఏరించి అక్కడే బట్టీ పెట్టించారు. అంత చేసినా పెరిగింది ఎక్కువే, తగ్గింది తక్కువే. మార్పుకు అనుమతి ఇమ్మని డివిజను ఆఫీసుకు రాశారు. పది రోజులు చూశాం. జవాబు లేదు. పడమటి కొండల మీద మబ్బు పట్టడం మొదలైంది.

"అనుమతి రాకుండా మొదలుపెడితే మీ మీదికి వస్తాది సార్" అన్నాను.

"వస్తాది. ఆ రెండు తూములే పెడితే నీళ్లు వెనక్కి తన్ని ఇండ్లలోకి పోతాయి. అప్పుడు ఎవురి మీదికి వస్తాదో చెప్పు" అని, మర్నాడు గోతి దగ్గరికి అందరికంటే ముందు చేరుకున్నారు. కట్టిన వరసకల్లా తడి గోనెపట్టలు కప్పించి, ఎండ తగలకుండా రోజంతా దగ్గరుండి నీళ్లు చల్లించారు. వానలకు ముందే బండలు పరిచాం.

తరవాత సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చింది. అందులో రెండు ప్రశ్నలు. అనుమతి లేకుండా ఎందుకు మార్చావు? అసలు అంచనాలో వరద మట్టం అంత తప్పుగా ఎందుకు పడింది? మొదటిదానికి జవాబు ఆయన దగ్గర ఉంది. రెండోదానికి జవాబు నేను. ఆఫీసు గదిలో ఆయన చెబుతుంటే ఇంగ్లీషులో నేనే సాపు రాస్తున్నాను, నా చేతిరాత బాగుంటుందని. మొదటి ప్రశ్న అయింది. రెండోదానికి ఆయన గొంతులో ఏ మార్పూ లేకుండా, "తొలి కొలతలు నేనే స్వయంగా తీసుకున్నాను, పొరపాటు నాదే" అని చెప్పారు. నా కలం ఆగిపోయింది.

"సార్, అది..."

"నీది టెంపరరీ రంగయ్యా. ఒక్క సంతకంతో ఇంటికి పంపుతారు. నన్ను ఇంటికి పంపలేరు. మహా అయితే ఇంకో ఊరికి పంపుతారు. సంతకం పెట్టింది నేను. తల ఎత్తి చూడాల్సింది గూడ నేనే. రాయి."

రాశాను. సిగ్గు లేకుండా, అక్షరం వంకర పోకుండా, గుండ్రంగా రాశాను. ఇప్పుడు ఎంత ఏడ్చినా ఏం లాభం? ఆ రోజు నోరు తెరిచి "ఈ మాట నేను రాయను" అని ఉంటే నాలుగు మాటల్లో అయిపోయేది. ఇంటి దగ్గర అమ్మ, చదువుకుంటున్న తమ్ముడు కళ్ల ముందు మెదిలారని తరవాత నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఆ క్షణంలో నాకు కలిగింది బతికిపోయానన్న హాయి. దాన్ని దాచి ప్రయోజనం లేదు.

ఆయన్ని దొనకొండ వైపు బదిలీ చేశారు. ఆ ఏడు రావలసిన ప్రమోషను ఆపేశారు. పెరిగిన ఖర్చులో కొంత జీతంలో కోత పెట్టారు. నన్ను మాత్రం పర్మనెంటు చేశారు. బస్సు ఎక్కేటప్పుడు నేను సుత్తి సంచి అందిస్తే తీసుకుంటూ, "వాగు వచ్చినప్పుడు పోయి చూసి నాకొక కార్డు ముక్క రాయి" అన్నారు. నెల తిరక్కుండానే వాగు వచ్చింది. పోయి చూశాను. కల్వర్టు రెండు కళ్ల నిండా ఎర్రనీళ్లు సుడులు తిరుగుతూ పోతున్నాయి, రోడ్డు మీద తడి లేదు. ఓబులేసు గొర్రెలు గిట్టలు తడవకుండా దాటిపోయాయి. "మా సాయబు యాడ సామీ? ఆయన చూడాల గద ఇది" అని ఆ ముసలాయన అడిగాడు. కార్డు కొన్నాను, అడ్రసు కూడా రాశాను. వాగు సంగతి రాస్తే ఆ రెండో ప్రశ్న సంగతి కూడా రాయాలి. అది రాయలేక, ఇదీ రాయలేదు. ఆయన కట్టిన కల్వర్టు నిలబడిందన్న కబురు ఆయనకు చేరిందో లేదో నాకు తెలియదు. కొన్నేళ్ల తరవాత కనిగిరి బస్టాండులో పాత కాంట్రాక్టరు ఒకడు కనబడి, "మీ సాహెబ్ పోయినాడంట గదా, రంజాను నెలలో" అన్నాడు.

ఆయన నేర్పిన పని నా సర్వీసంతా వదలలేదు. రాయి తట్టకుండా కట్టనివ్వలేదు. కొలత చెప్పిన మనిషి ఎక్కడ నిలబడ్డాడో రాయకుండా పుస్తకం మూయలేదు. నా కింద పనిచేసినవాళ్లు ఈ చాదస్తానికి చాటున నవ్వుకునేవాళ్లు కూడా. అంతా నేర్చుకున్నాననే అనుకున్నాను.

నేనూ ఓవర్సీరునై దర్శి వైపు పనిచేస్తున్నప్పుడు, వెంకటేశు అనే వర్క్ ఇన్‌స్పెక్టరు ఒక కల్వర్టుకు పాత పునాది లోతు తప్పుగా కొలిచాడు. నేను వెళ్లి చూడకుండానే సంతకం పెట్టాను. తవ్వాక డిజైను మారింది, ఖర్చు పెరిగింది, నాకు నోటీసు వచ్చింది. ప్రశ్నలు ఇంచుమించు అవే. అప్పటికి నా ప్రమోషను కాగితాలు పైన తిరుగుతున్నాయి. నేనే కాగితం తీసుకుని, ఎవరికీ సాపు చేయమని ఇవ్వకుండా, తొలి కొలతలు తీసినది వర్క్ ఇన్‌స్పెక్టరు అని రాసి పంపాను. వెంకటేశును పనిలోంచి తీసేశారు. వెళ్లిపోయే ముందు టేపు, లెవెలు పుస్తకం అప్పగించడానికి నా దగ్గరికి వచ్చాడు. నేను తల ఎత్తలేకపోతుంటే అతనే నన్ను ఓదార్చాడు.

"మీరేం చేస్తారు సార్? మీరు రాసింది నిజమే గదా. కొలిచింది నేనే గదా."

నిజమే. నేను రాసింది నిజం, మస్తాన్ సాహెబ్ గారు నాచేత రాయించింది అబద్ధం. రెండు కాగితాల మీదా ఉన్నది నా చేతిరాతే.