మహర్నవమి నాడు ఆపిన సర్వరు

మొన్న మహర్నవమి పొద్దున మా తమ్ముడి కూతురు తన ల్యాప్‌టాప్‌కి కుంకుమ బొట్టు పెట్టి, ఒక చామంతి పువ్వు ఉంచి, మరు నిమిషంలోనే ఆ పువ్వును పక్కకు జరిపి టకటకా టైపు చేసుకుంటూ కూర్చుంది. పూజయిన పనిముట్టును కాసేపైనా ఊరుకోనివ్వవే అంటే, నేనిక్కడ ఆపినా అక్కడ సర్వర్లు ఆగవత్తా, ఒకటి పడితే ఇంకొకటి దానంతటదే లేస్తుంది అని తేలిగ్గా అనేసింది. ఆ మాటను ఒక ఆఫీసు చేత నమ్మించడానికి నేనెన్ని పాట్లు పడ్డానో దానికేం తెలుసు! కౌంటరు ముందు వరసలో నిలబడి, కిటికీ పక్క సీటుంటే చూడండి బాబూ అని బతిమాలి టికెట్లు కొన్న నా ఈడువాళ్ళకైతే కాస్త తెలుస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్ళ మాట. గవర్నర్‌పేటలో ఒక ప్రైవేటు బస్సుల ఆఫీసులో లెక్కలు రాయడానికి చేరి, కంప్యూటర్లు వచ్చాక వాటి పనంతా నెత్తికెత్తుకున్నదాన్ని. గుడివాడ, బందరు, చల్లపల్లి కౌంటర్లన్నీ టెలిఫోను లైన్ల మీద మా సర్వరుతోనే మాట్లాడేవి. అది వేసవిలో వేడెక్కి ఆగిపోతుంటే, పక్కనే కొండపల్లిలో కరెంటు తయారవుతున్నా మాకు మాత్రం రోజూ కోతలే గనుక, మా ఓనరుగారు విసిగిపోయి హైదరాబాదు నుంచి మనుషుల్ని పిలిపించి రెండో సర్వరు పెట్టించారు. రెండింటికీ మధ్య ఒకే డిస్కు పెట్టె, అమ్మిన సీట్ల వివరమంతా అందులోనే. దీన్ని క్లస్టరు అంటారన్నారు. ఒకటి ఆగితే రెండోది ఆ డిస్కును తన చేతిలోకి తీసుకుని పని అందుకుంటుందని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం మొదటిది ఆగింది, చెప్పినట్టే రెండోది లేచింది. మా సంబరం సాయంత్రం వరకే. అమ్మేసిన సీట్లన్నీ రెండోదాంట్లో ఖాళీగా కనపడ్డాయి, కౌంటర్లో కూర్చునే భాయ్ గారు పాపం మళ్ళీ అమ్మారు. బస్సు దగ్గర ఒకే సీట్ల కోసం పెళ్ళివారు ఒకవైపు, తిరుపతి మొక్కువారు ఒకవైపు. నా సర్వీసులో అంతటి తిట్లు మళ్ళీ వినలేదు. వన్‌టౌన్ నుంచి పాతికేళ్ళుగా వచ్చి ఆ కౌంటర్లో కూర్చుంటున్న పెద్దమనిషి ఆయన, ఆ రాత్రి అన్నం కూడా తినలేదని మర్నాడు తెలిసింది. ఓనరుగారు రెండో సర్వరు వైరు పీకించి, దానిమీద దుప్పటి కప్పించారు.

నేను పుట్టు మొండిదాన్ని. హైదరాబాదుకు ఫోను చేస్తే మీ కరెంటుదే తప్పన్నారు. సరే అని, వాళ్ళు పడేసి వెళ్ళిన ఇంగ్లీషు పుస్తకం, పక్కనే నిఘంటువు పెట్టుకుని కూర్చున్నాను. మాది కాలువ చివరి ఊరు, వంతు నీళ్ళతో పెరిగినదాన్ని. తూము చేతికి రాకముందే మళ్ళలో నాట్లకు దిగితే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడా జరిగింది అదే. డిస్కు చేతికొచ్చిందో లేదో చూసుకోకుండానే టికెట్ల ప్రోగ్రాము లేచి కూర్చుంది, రెండో సర్వర్లో హైదరాబాదు వాళ్ళు మరిచిపోయిన సీట్ల పట్టీ ఖాళీ నకలు ఒకటి కనపడితే అదే అసలనుకుంది. దుప్పటి తీసి, వైరు మళ్ళీ తగిలించి, ఆ నకలు తీసేశాను. ముందు డిస్కు రావాలి, ఆ తర్వాత కౌంటర్లు సర్వరును వెతుక్కునే చిరునామా రావాలి, ఈ రెండూ వస్తేనే ప్రోగ్రాము లేవాలి, లేకపోతే పడుకునే ఉండాలి అని ఒకదానికొకటి ముడివేశాను.

ముడి సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే నడుస్తున్న సర్వరును ఆపి చూడాలి. ఆ మాటెత్తితే చాలు ఓనరుగారు ఒంటికాలిమీద లేచేవారు. దసరా రద్దీ ముంచుకొస్తోంది, మొదటిదేమో రోజుకోసారి మొరాయిస్తోంది. పండగయ్యాక హైదరాబాదు వాళ్ళకే అప్పగిస్తాననీ, నన్ను మళ్ళీ లెక్కల్లో కూర్చోమనీ చెప్పేశారు. నేను బాగుచేసినదాన్ని చూడనైనా చూడకుండా పక్కన పెట్టేస్తే ఎలా ఊరుకుంటాను?

అప్పుడు గుర్తొచ్చింది ఆయుధపూజ. ఓనరుగారి తల్లిని మేమంతా మామ్మగారనే పిలిచేవాళ్ళం. ఏటా మహర్నవమి నాడు ఆవిడ బస్సులకు గుమ్మడికాయలు కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, లోపలికొచ్చి సర్వరుకు పూజ చేసేవారు. నడుస్తున్న యంత్రానికి ఆవిడ బొట్టు పెట్టరు. అందుకని హారతి అయ్యేదాకా కౌంటర్లు మూసేవాళ్ళం. ఓనరుగారు లోలోపల ఉడికిపోతూనే తల్లికి ఎదురు చెప్పేవారు కాదు. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఈసారి రెండు సర్వర్లకూ వంతులవారీగా పూజ చేద్దామండీ, ఒకటి విశ్రాంతి తీసుకుంటే రెండోది పనిచేస్తుంది, కౌంటర్లు మూయక్కర్లేదు అన్నాను. ఇది నాకు పరీక్ష కూడానని, మీ అబ్బాయిగారు ఒప్పుకోవడం లేదని దాచకుండా చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసి, అది ఆగితే ఇది లేస్తుందా అమ్మాయ్ అని అడిగారు. లేస్తుందన్నాను.

"అయితే ఆపు. వాడితో నేను చెబుతాను."

ఆ పొద్దున హాలు కిక్కిరిసి ఉంది. ముందుజాగ్రత్తగా అమ్మిన సీట్ల పట్టీ అచ్చు తీసి భాయ్ గారి చేతికిచ్చాను. ఓనరుగారు గుమ్మంలో నిలబడ్డారు, లోపలికి రాలేదు. నేను మొదటిదాని స్విచ్చు నొక్కాను. ఫ్యాను మోత ఆగింది. హాల్లో కౌంటరు తెరలన్నీ బిగుసుకుపోయాయి, వరసలో జనం గొణుగుడు మొదలైంది. మామ్మగారు మాత్రం నింపాదిగా పసుపు రాస్తున్నారు. నా గొంతు ఎండిపోయింది, రెండో సర్వరు దీపాలు మిణుకుమంటున్నాయి గానీ అవతల తెరలమీద అమ్మిన సీట్లు కనపడుతున్నాయో లేదో నాకు తెలియదు. అప్పుడు పట్టీని తెరతో వరస వరసా సరిచూసుకుని భాయ్ గారు గొంతెత్తి చెప్పారు.

"అమ్మినవి అమ్మినట్టే ఉన్నాయమ్మా! తర్వాతవారు రండి."

కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి, అగరొత్తుల పొగ వంక చెప్పి తుడుచుకున్నాను. మొదటిదానికి హారతి అయి దాన్ని మళ్ళీ లేపాక, రెండోదాన్ని ఆపడానికి నేను చెయ్యి చాచేలోపు ఓనరుగారు వచ్చి, ఉండమ్మా, దీన్ని నేనాపుతాను అన్నారు. లెక్కల్లో కూర్చోమన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడా ఆఫీసు లేదు, ఆ చోట సెల్‌ఫోను తొడుగులమ్ముతున్నారు. మామ్మగారూ లేరు, భాయ్ గారూ లేరు. మా మేనకోడల్ని నీ సర్వరు ఏ ఊళ్ళో ఉందే అంటే సరిగ్గా తెలియదంది. మరి లేస్తుందని ఎలా నమ్ముతావంటే, మేమూ అప్పుడప్పుడూ కావాలనే ఆపి చూస్తామత్తా అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆపాక, అన్నీ ఉన్నాయని అవతలనుంచి ఎవరు చెబుతారే అని అడిగాను. ఎవరూ చెప్పక్కర్లేదు, తెరమీద పచ్చ గుర్తు వస్తుందంది.

మంచిదే. కానీ లోపల నా గొంతు ఎండుతోందని భాయ్ గారికి తెలిసినట్టు, ఆ పచ్చ గుర్తుకు తెలియదు కదా.