బతికే ఉన్నానని రాసుకో

నిన్న ఉదయం గులాబీ అంటు ఒకటి కొని తెచ్చి, బాల్కనీలో కూర్చుని దాని ప్లాస్టిక్ కవరు చీల్చాను. తడిసిన కొబ్బరి పొట్టు, ఎర్రమట్టి, పేడ ఎరువు కలిసిన వాసన ఒక్కసారిగా పైకొచ్చింది. రాజమండ్రిలో మూడో అంతస్తులో ఉన్నానన్న సంగతే మరిచిపోయాను. కడియంలో సత్యవతమ్మగారి నర్సరీలో, మామిడి అంట్ల వరసల మధ్య, చేతిలో నాలుగు పేజీల కాగితం పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డ ఇరవై రెండేళ్ల పిల్లనైపోయాను. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. చూసి ఉంటే నాకు ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు.

తొంభైల్లో నాకు ఖజానా ఆఫీసులో నగదు చూసే గుమాస్తాగా ఉద్యోగం వచ్చింది. నాన్న సత్యవతమ్మగారి నర్సరీలోనే మొక్కలకు నీళ్లు పెట్టేవాడు. మా ఇంటికి సర్కారు జీతం రావడం అదే మొదలు కాబట్టి అమ్మ వీధి వీధంతా బెల్లం పంచింది. తీరా చేరబోతే ఆఫీసులో మెలిక ఒకటి బయటపడింది. ప్రభుత్వ సొమ్ము ముట్టుకునే మనిషి ముందు జామీను ఇవ్వాలట. నా వల్ల సొమ్ము పోతే ఆ నష్టం తన ఆస్తిలోంచి ఇచ్చుకుంటానని సొంత భూమి ఉన్నవాళ్లెవరైనా సంతకం పెట్టాలి. నెల లోపల ఆ పత్రం రాకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. మాకే భూమి ఉంటే నాన్న ఒకరి మొక్కలకు నీళ్లెందుకు పెడతాడు? తణుకు దగ్గర రెండెకరాలున్న మా పెదనాన్న కాఫీ ఇప్పించి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని నాన్నను సాగనంపాడు. ఇంకో బంధువు ఇంట్లో ఉండి కూడా లేడనిపించాడు. ఇక ఆరు రోజులే గడువుందనగా నాన్న నన్ను వెంటబెట్టుకుని నర్సరీకి వెళ్లాడు.

సత్యవతమ్మగారు భర్త పోయాక ఆ నలభై సెంట్ల నేలనే నమ్ముకుని ఒంటరిగా నిలదొక్కుకున్న మనిషి. పిల్లలు లేరు. నోరు మాత్రం పెద్దది. ముక్కాలి పీట మీద కూర్చుని అంట్లు కడుతూ, తలెత్తకుండానే మా మాటలన్నీ విన్నారు.

"ఉత్త సంతకమేనండి అమ్మగారూ. మీకేం కాదండి," అన్నాడు నాన్న.

ఆవిడ చేతిలో బ్లేడు ఆగింది. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పవే. ఉత్త సంతకమేనా?"

నాన్న నా మోచేయి నొక్కాడు. ఔనంటే ఉద్యోగం నాదే. "కాదండి. నేను సొమ్ము పోగొడితే మీ నర్సరీ పోతుందండి. మీ తర్వాత మీ వారసులు కూడా పూచీ పడాలని రాశారండి."

నాన్న మొహం మాడిపోయింది. ఆవిడ మాత్రం పకపకా నవ్వారు. "వారసులా? నాకెవరున్నారే? అయితే అక్కడ నీ పేరే రాయి. నీ తప్పుకి నువ్వే కట్టుకుందువు గాని!" చేతులు చెంగుకి తుడుచుకుని నాన్న వైపు తిరిగారు. "ఏవయ్యా వెంకన్నా, పిల్ల కూడా నీ మాటే చెప్పుంటే పొమ్మందును. పెన్ను ఏదీ?"

దారిలో నాన్న "కొంప ముంచేదానివే" అని తిట్టాడు. కాలవ వంతెన దాటకముందే తనే కళ్లు తుడుచుకున్నాడు.

అక్కడితో అయిపోలేదు. జామీను ఉన్న మనిషి బతికే ఉన్నారని, ఆస్తి అలాగే ఉందని ప్రతి ఏప్రిల్‌లో మేం ఆఫీసుకు రాసివ్వాలి. ఆ కాగితం కోసం నేను ఏటా కడియం వెళ్లేదాన్ని. ఆవిడ ముందే కబురు తెలుసుకుని ఉతికిన చీర కట్టుకుని, గుమ్మంలోనే చేయి చాపేవారు. "బతికే ఉన్నానని రాసుకో. అనుమానమైతే గిల్లి చూసుకో." గిల్లకపోతే ఊరుకునేవారు కాదు. తర్వాత పనసతొనలు పెట్టి, ఆఫీసులో ఎవరు ఎలా మాట్లాడుతున్నారో అంతా అడిగేవారు. డబ్బు సంగతి మాత్రం ఏనాడూ అడగలేదు.

తొమ్మిదో ఏడు ఆవిడ నా వైపు కాకుండా పక్కకి, గాల్లోకి చేయి చాపారు. రెండు కళ్లకూ శుక్లాలు. అంట్లు చేతి తడుముడుతోనే కడుతున్నారు. రోడ్డు వైపు పది సెంట్లు కొంటామని ఎవరో వస్తే, ఆపరేషన్‌కి డబ్బు అవసరమై కూడా ఆవిడ అమ్మలేదని నాన్న చెప్పాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఎందుకు అమ్మలేదండి?"

"అమ్మితే ఆస్తి అలాగే ఉందని నువ్వెలా రాస్తావే? అబద్ధం రాస్తావా?"

మర్నాడే నన్ను నగదు సీటు నుంచి మార్చమని అర్జీ పెట్టుకున్నాను. ఆ సీటంటే నాకు ప్రాణం. అందరూ పిచ్చిదాన్నన్నారు. తాళాలు అప్పగించి, తనిఖీ పూర్తయ్యాక, జామీను రద్దయిన కాగితం తీసుకుని పరుగున వెళ్లి చదివి వినిపించాను. "ఇక మీ నేలకి ఏ బంధమూ లేదండి. అమ్ముకోండి, కళ్లు బాగుచేయించుకోండి."

ఆవిడ ఆ కాగితం అంచులు వేళ్లతో తడిమి, చివరికి చిన్నపిల్లలా అడిగారు.

"అయితే వచ్చే ఏప్రిల్‌కి రావా?"

వెళ్లాను. ఆపరేషన్ అయ్యాక వచ్చిన మొదటి ఏప్రిల్‌లో ఆవిడే కళ్లద్దాలు సవరించుకుంటూ నన్ను ఎగాదిగా చూసి, "అప్పుడే తల నెరిసిందేంటే? సర్లే, నువ్వూ బతికే ఉన్నావని రాసుకుంటాను," అని నా చేయి గిల్లారు. ఏ ఆఫీసూ అడగకపోయినా, ఆవిడ ఉన్నన్నాళ్లూ ఒక్క ఏడు కూడా మానలేదు. ఎవరైనా సంతకం కోసం నా దగ్గరికి కాగితం తెస్తే ఈనాటికీ ఆసాంతం చదివిస్తాను. ఉత్త సంతకమేనండి అన్నవాళ్లకు మాత్రం పెట్టను.

ఆవిడ పోయాక ఏప్రిల్‌లో ఎక్కడికి వెళ్లాలో తోచక కడియం వెళ్లి ఒక అంటు కొనుక్కొచ్చాను. ఏటా అదే అలవాటైంది. నిన్న తెచ్చింది దారి ఎండకి కాస్త వాడింది. రాత్రి నీళ్లు పోసి పడుకున్నాను. ఇవాళ లేచి చూస్తే అంటు కట్టిన చోటికి పైన ఎర్రటి చిగురు తలెత్తి ఉంది. దాన్ని వేలితో మెల్లగా గిల్లినట్టు తాకి, "బతికే ఉన్నారు," అన్నాను పైకే.