తిరిగొచ్చిన చెయ్యి

ధర్మవరంలో రైలెక్కి నా ఎదుట కూర్చున్నారు, చీరలు నేసే భార్యాభర్తలు. అడగకముందే ఆమె సంబరంగా చెప్పింది: "పొద్దున మగ్గం మీద ఈయప్పకు కుడిచెయ్యి పడిపాయ అక్కా. మూతి వంకరపాయ, మాట ముద్దగా వచ్చె. స్వామికి మొక్కుకుంటి. కాసేపటికే అంతా సరిపాయ. మొక్కు తీర్చేకి పెనుకొండకు పోతాండాం."

"ఈమె ఏడుపుకు భయపడి చెయ్యి లేసొచ్చెలేమ్మా," అని ఆయన నవ్వాడు. బీపీ మాత్ర తల తిరిగినప్పుడే మింగుతాడట.

మా అమ్మకూ పక్షవాతం అలాగే వచ్చి తగ్గింది. మర్నాడే మళ్ళీ వచ్చి మంచాన పడేసింది. ఆ సంగతి చెప్పి, "అది హెచ్చరికమ్మా. తగ్గినా సరే, ఇప్పుడే పెద్దాసుపత్రికి పోండి. మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు," అని బతిమాలాను.

ఆమె మొహం చిన్నబోయింది. "స్వామి ఇచ్చిన చెయ్యిని డాక్టరుకు చూపిస్తే, స్వామి మీద నమ్మకం లేనట్టు కాదా అక్కా?"

మేలు జరిగితే ముందు దండం పెట్టుకునే మనిషినే నేనూ. కృతజ్ఞత ఇలా అడ్డం పడుతుందని ఎన్నడూ అనుకోలేదు. "డాక్టర్లనిచ్చిందీ ఆ స్వామేనమ్మా," అన్నాను. అప్పటికే పెనుకొండలో రైలు ఆగింది. టెంకాయల సంచి ఆయనే ఆ కుడిచేత్తో పట్టుకుని దిగాడు.

ఆ చెయ్యి ఇంకా ఆడుతోందన్న ఆశ నాకు లేదు. ఇప్పటికీ ఇంట్లో దేవుడి దీపం ముందు కూర్చుంటే, ఆయన కోసం ఏమని అడగాలో కూడా తోచదు.