ఐర్లండ్ పుస్తకానికి వెనక అట్ట

నా చిన్నప్పుడు మా ఇంట్లో సొంత ఊరి సంగతుల కంటే ఐర్లండ్ సంగతులే ఎక్కువ నడిచేవి. అక్కడ ప్రభుత్వం ఎందుకు పడిపోయిందో, కర్రలతో ఆడే ఆటలో ఏ జిల్లా గెలిచిందో, నాట్యం పోటీల్లో కప్పు ఎవరికి వచ్చిందో మా అమ్మ వంకాయలు తరుగుతూ చెప్పేది. మేముండేది బహ్రెయిన్‌లో, రిఫాలో, రెండు గదుల ఫ్లాట్‌లో. నాన్న ఏసీలు బాగుచేసే కంపెనీలో పనిచేసేవాడు. అమ్మ రెండు వీధుల అవతల ఒక ఐర్లండ్ వాళ్ళ విల్లాలో వంటా, ఇంటిపనీ చూసేది. కాకినాడ పక్క పల్లెలో పుట్టిన మనిషి. ఐర్లండ్ ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే చూపించలేదు కానీ, అక్కడి జిల్లాల జెండా రంగులు మాత్రం ఒక్కటి తప్పు లేకుండా చెప్పేది.

ఇదంతా ఒక పుస్తకం వల్ల వచ్చింది. ఆ ఇంటావిడ ఆసుపత్రిలో నర్సు. నేను ఆంటీ అనేదాన్ని. ఆవిడ కూతురిది నా వయసే, తొమ్మిదేళ్ళు. ఆ పిల్ల పుట్టింది బహ్రెయిన్‌లోనే. ఐర్లండ్‌ని వేసవి సెలవుల్లో రెండుసార్లు చూసింది, అంతే. తన దేశం తన కూతురికి పరాయిదైపోతుందని ఆంటీకి దిగులు. అందుకని అక్కడున్న చెల్లెలు నెలనెలా పత్రికల కట్ట పోస్టులో పంపేది. ఏడాది చివర్న ఆంటీ వాటిలోంచి ముక్కలు కత్తిరించి ఒక పెద్ద పుస్తకంలో అంటించేది. ముందు రాజకీయాలు, తర్వాత పాటలూ నాట్యాలూ నాటకాలూ, ఆఖర్న ఆటలు. ఏడాదికొక పుస్తకం. జిగురు మాత్రం మా అమ్మ చేతిది. బజారులో కొన్న జిగురుతో కాగితం ముడతలు పడుతోందని, అమ్మ మైదాపిండి పల్చగా ఉడికించి, చల్లార్చి, వేలితో రాసి అంటించేది. అంటిస్తూ ప్రతి బొమ్మ గురించీ అడిగేది. ఆంటీ చెప్పేది. అలా ఏడాదికి ఏడాది ఐర్లండ్ అమ్మ నోటికి ఎక్కింది.

ఆ పుస్తకాలంటే నాకు ఒళ్ళుమంట. యాభై దాటిన వయసులో ఇంకా దాచుకోవడం దేనికి, ఆ పిల్లకున్న ప్రతిదాన్నీ చూసి నేను ఏడ్చేదాన్ని. దాని సైకిలు, దాని గది, దాని ముక్కు మీద మచ్చలు కూడా నాకు లేవని కుళ్ళుకున్నాను. కానీ అన్నిటికన్నా ఆ పుస్తకం. నాకోసం మా దేశాన్ని ఎవరూ కత్తిరించి అంటించలేదు. మా ఊరి నుంచి వచ్చేవి ఉత్తరాలు, వాటిలో ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరు పోయారో ఉండేది. పైగా ఆ పిల్లకి దేశాన్ని కూర్చిపెడుతున్న చేతులు మా అమ్మవి.

ఇంకొకటి ఉంది. నేను రోజూ బడి బస్సు దిగి నేరుగా ఆ విల్లాకే వెళ్ళేదాన్ని. మధ్యాహ్నాల్లో ఆంటీ రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతూ ఉండేది. అంకుల్ ఎక్కడో సైటులో ఉండేవాడు. ఆ పిల్లకి అన్నం పెట్టడం, తల దువ్వడం, పడితే మోకాలికి మందు రాయడం అన్నీ అమ్మే. నేను అమ్మా అని పిలవడం విని విని ఆ పిల్ల కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది. "యల్లా అమ్మా, ఆకలి" అని, త్వరగా రమ్మనే అరబ్బీ మాటకి తెలుగు తగిలించి, ఐర్లండ్ యాసలో, మూడు దేశాలు కలిపి అరిచేది. అమ్మ నవ్వుతూ "ఓయ్" అని పలికేది. నేను పిలిస్తే వచ్చే "ఓయ్"కీ దానికీ తేడా ఏమైనా ఉందా అని నేను చెవులు రిక్కించి వినేదాన్ని. ఏ తేడా ఉండేది కాదు. అదే నా బాధ.

ఆ ఏడాది ఐర్లండ్‌లో ఎన్నికలు జరిగాయి. పత్రికల నిండా ఓట్లు లెక్కపెడుతున్న బొమ్మలే. అక్కడివాళ్ళు మనలా ఒకరి గుర్తు మీద ముద్ర వేసి వచ్చేయరట. పేర్ల పక్కన ఇష్టం కొద్దీ ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తారట. అందరికన్నా వెనకబడినవాణ్ణి పోటీలోంచి తీసేసి, వాడికి పడిన కాగితాల మీద రెండో అంకె ఎవరికుందో వాళ్ళకి ఆ ఓట్లు కలుపుతారట. ఇది కూతురికి ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు. సరే, ఇంట్లోనే ఎన్నిక పెడదాం అంది ఆంటీ. పుస్తకం వెనక అట్ట ఖాళీగా ఉంది, రెండు బొమ్మలకి చోటుంది. పోటీలో మూడు బొమ్మలు. కర్రలాటలో ఆ ఏడు గెలిచిన జట్టు ఫొటో ఒకటి, ఆ పిల్ల గీసింది ఒకటి, నేను గీసింది ఒకటి. మా ఇద్దరికీ ఇచ్చిన విషయం మాత్రం ఒకటే: ఈ ఏడాది ఈ ఇల్లు.

నేను మా అమ్మనీ నన్నూ గీశాను. వంటగదిలో అమ్మ జిగురు కలుపుతోంది, నేను పక్కన నిలబడ్డాను. ఆ పిల్లని గీయలేదు. మరిచిపోయి కాదు, కావాలనే. తీరా చూస్తే ఆ పిల్లా మా అమ్మనే గీసింది. మధ్యలో అమ్మ, ఒక చేయి పట్టుకుని తను, రెండో చేయి పట్టుకుని నేను. నన్ను కాస్త చిన్నగా గీసింది. అది చూసి నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. వాళ్ళమ్మని గీసుకోవచ్చుగా అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం నాన్న కూడా వచ్చాడు. ఓటర్లం ఆరుగురం: ఆంటీ, అంకుల్, వాళ్ళ అమ్మాయి, మా నాన్న, అమ్మ, నేను. మూడు ఓట్లు వస్తే గెలిచినట్టు. నాన్న కాగితాలు చూసి, "గుర్తుల్లేకుండా ఎన్నికేంటి మేడం, మా ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు" అన్నాడు. ఆంటీకి అది బాగా నచ్చింది. నా బొమ్మకి చేప, ఆ పిల్ల బొమ్మకి పడవ, జట్టుకి కర్ర గుర్తులు పెట్టి ప్రతి కాగితం మీదా గీసింది. ఒక్కొక్కరం వంటగదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, అంకెలు వేసి, కాగితం మడిచి బిస్కెట్ డబ్బాలో వేశాం. అమ్మ అందరికన్నా ఆఖరున వెళ్ళింది. వెళ్ళేముందు నా వంక చూసి నవ్వింది. ఆ నవ్వుతో నా గెలుపు ఖాయమైపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే గెలుపు కోసం కాదు నా ఆత్రం. అమ్మ ఎవరి పక్కన ఒకటి వేస్తుందో, అది ఒక్కటే నాకు కావలసింది.

ఆంటీ కాగితాలు విప్పింది. మొదటిది చేప. రెండోది పడవ, అది ఆ పిల్లదే, అంకెలు వంకరగా ఉన్నాయి. మూడోది మళ్ళీ చేప. నాలుగోది కర్ర, అంకుల్ చప్పట్లు కొట్టుకున్నాడు. అయిదోది చేప. మూడు వచ్చేశాయి, నేను గెలిచాను. కుర్చీ ఎక్కి గెంతాను. ఆ పిల్ల కూడా నాకోసం గెంతింది, అది అలాంటిది.

ఆరో కాగితం మీద అంకెలు లేవు. పడవ మీద ఎర్రగా ఒకే ఒక్క చుక్క ఉంది. అమ్మ పెన్సిల్ పక్కన పెట్టేసి, మా రంగుల పెట్టెలో వేలు ముంచి, ఊళ్ళో గుర్తు మీద ముద్ర వేసినట్టే వేసింది. ఇక ఆ ఓటు ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. వేలి కొనకి ఎరుపు ఇంకా అలాగే ఉంది.

నేను కుర్చీ దిగాను. ఒళ్ళంతా వేడెక్కింది. అది చెల్లదు అన్నాను. అంకెలు లేవు కాబట్టి చెల్లదు, తీసి పారేయండి అన్నాను. అందరికీ అర్థం కావాలని ఇంగ్లీషులో ఇంకో మాట కూడా అన్నాను. మా అమ్మకి అంకెలు రాయడం రాదు, ఏమీ రాయడం రాదు అన్నాను. అది పచ్చి అబద్ధం. సరుకుల చీటీ రాసేది అమ్మే, గ్యాస్ బండ తేదీలు గోడ మీద రాసేది అమ్మే. నాకు లెక్కలు నేర్పింది కూడా అమ్మే.

అమ్మకి ఆపాటి ఇంగ్లీషు వచ్చు. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. ఎర్రటి వేలిని మాత్రం చీర కొంగులో దాచుకుంది. నాన్న లేవబోయాడు, అమ్మ కళ్ళతోనే కూర్చోమంది. ఆంటీ నన్ను తిట్టలేదు. కాగితాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసి, మా దేశంలో ఓటరు మనసు తెలుస్తూ ఉంటే ఆ ఓటు చెల్లుతుంది, ఈ ఓటరు మనసు గదిలో ఉన్న అందరికీ తెలుస్తోంది, ఖలాస్ అంది. తర్వాత జట్టు ఫొటోని తీసేసి, అంకుల్ కాగితం మీద రెండో అంకె పడవకి ఉంటే దానికి కలిపింది. ఆ పిల్లకీ మూడు అయ్యాయి. రెండు బొమ్మలూ గెలిచాయి. సాయంత్రం అమ్మే రెండిటినీ పక్కపక్కన అంటించింది. గెలిచి ఏడ్చినదాన్ని ఆ ఏడాది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇంటికి వచ్చాక దెబ్బలు పడతాయనుకున్నాను. పడలేదు. రెండు రోజులు అమ్మ మామూలుగానే ఉంది. ఆ మామూలుతనం నాకు దెబ్బలకన్నా ఎక్కువైంది. మూడో రోజు పొద్దున జడ వేస్తుంటే ఉండబట్టలేక అడిగేశాను. నీకు నాకంటే ఆ పిల్లే ఎక్కువా అని. అంకెలు వచ్చి కూడా ఎందుకు వేయలేదని.

"రెండో నంబరేత్తే నువ్వు నొచ్చుకోవూ?" అంది. "నీ పేరు పక్కన రెండని నా సేత్తో ఎలా ఎయ్యనే?"

మరి నాకే ఒకటి వేయొచ్చుగా అన్నాను. అప్పుడు అమ్మ దువ్వెన పక్కన పెట్టి వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. నా ఓటు నాకు ఉంది. నాన్న ఓటు నాకే. ఆంటీ మర్యాద తెలిసిన మనిషి, ఇంటికి పిలిచిన పిల్లని పక్కనపెట్టి సొంత కూతురికి వేయదు. అంటే మూడు. అంకుల్‌కి కన్నబిడ్డకన్నా ఆ కర్రలాట పిచ్చి ఎక్కువ, ఆయన జట్టుకే వేస్తాడు. ఇక ఆ పిల్లకి దాని ఓటు అదే వేసుకోవాలి తప్ప ఇంకోటి రాదు. ఇదంతా అమ్మ వంటగది తలుపు వేసుకోకముందే ఆలోచించేసింది. ఐర్లండ్ పత్రికల్లో ఓట్లు లెక్కపెట్టే పెద్దమనుషులకి కూడా అంత లెక్క తెలిసి ఉంటుందని నేననుకోను.

అయినా నా కడుపుమంట చల్లారలేదు. లెక్క తప్పితేనో అన్నాను. ఆంటీ వాళ్ళ అమ్మాయికే వేసుకుని ఉంటే నేను ఓడిపోయేదాన్ని కదా అన్నాను.

"ఓడిపోయేదానివే," అంది అమ్మ. "ఓడిపోతే ఏం సేత్తావు? నా ఒళ్ళో పడి ఏడుత్తావు. మేడం డ్యూటీకెళ్ళిపోద్ది, ఆయన సైటుకెళ్ళిపోతాడు. అది ఓడిపోతే ఎక్కడికెల్తాదే?"

అమ్మ మళ్ళీ దువ్వెన తీసుకుంది. మిగిలిన జడ అల్లి, రిబ్బను కట్టి, బడి బస్సు ఎక్కించింది. చెల్లదన్న నా మాటని ఆ రోజే కాదు, ఆ తర్వాత నలభై ఏళ్ళు బతికినా, ఒక్కసారి కూడా ఎత్తలేదు. క్షమించమని అడగడానికి నాకు ఆ నలభై ఏళ్ళూ సరిపోలేదు.

ఆ ఒక్క మాటతో అసూయ పోయిందని చెబితే మళ్ళీ అబద్ధమే అవుతుంది. ఆఫీసులో ఇంకొకరికి మెచ్చుకోలు వస్తే, మా అబ్బాయి వాళ్ళ అత్తగారికి నాకన్నా ముందు ఫోన్ చేస్తే, నాకు ఇప్పటికీ అదే వేడి. కాకపోతే ఆ రోజు నుంచీ ఒక అలవాటు పడింది. ఎవరిని చూసి మండినా, ఇది ఓడిపోతే ఎక్కడికి వెళ్తుంది అని ఒకసారి నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు వాళ్ళకంటే నాకే చోటు ఎక్కువుందని తేలేది, సిగ్గుపడి ఊరుకునేదాన్ని. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు అదే ప్రశ్న, నేను ఓడిపోతే ఎక్కడికి వెళ్తానని, నాకు నేను వేసుకుంటే జవాబు తోచడం లేదు. అందుకే కాబోలు, తొమ్మిదేళ్ళప్పటి ఆ పిల్ల మీద నాకున్న కుళ్ళు ఈ మధ్యనే, మొదటిసారిగా, కాస్త తగ్గింది.