నాయనమ్మ పెట్టిన పంచాయితీ

నా చిన్నప్పుడు మొయినాబాద్‌కూ చేవెళ్లకూ మధ్య ఊళ్లలో ఎవరింట్లో గొడవైనా పంచాయితీ మా పెద్దబాపు దగ్గరికే వచ్చేది. పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. పొలం గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల పంపకమైనా, అలిగి పుట్టింటికెళ్లిన కోడలి సంగతైనా ఆయన మాటే మాట. మా ఇంటి ముందు ఎదురెదురుగా రెండు చాపలు పరిచేవాళ్లు. ఫిర్యాదు తెచ్చినవాళ్లు ఒక చాప మీద, అవతలివాళ్లు ఎదుటి చాప మీద కూర్చోవాలి. ఎవరి తరఫు మనుషులు వాళ్ల వెనక చేరతారు. తప్పు తేలిన మనిషి లేచి, భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకుని నిలబడాలి. పెద్దబాపు మాత్రం మధ్యన కుర్చీలో, ఇస్త్రీ చేసిన కండువాతో కూర్చునేవాడు. ఆయన్ను చూస్తే నాకెంత గొప్పగా ఉండేదో. సైకిల్ ముందర కూర్చోబెట్టుకుని చేవెళ్ల అంగడికి తీసుకెళ్లి జిలేబీ కొనిపెట్టేది కూడా ఆయనే.

ఆ మనిషే ఇంట్లో మా పెద్దమ్మను కొట్టేవాడు. కూరలో ఉప్పు తగ్గితే కొట్టేవాడు, ఎదురు మాట్లాడితే కొట్టేవాడు, మాట్లాడకపోతే పొగరని కొట్టేవాడు. మర్నాడు పెద్దమ్మ వాచిన చెంప మీద కొంగు కప్పుకుని టమాటాలు తెంపడానికి వచ్చేది. అడిగినవాళ్లకు బావి మెట్ల మీద పడ్డానని చెప్పేది. అందరూ నమ్మినట్టే ముఖం పెట్టేవాళ్లు, నమ్మినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ప్రతి ఇంటికీ ఆయనతో ఏదో ఒక పని పడుతుంది మరి. ఒకరి గట్టు ఆయనే నిలబెట్టాడు, ఇంకొకరి బిడ్డ కాపురం ఆయనే చక్కదిద్దాడు. ఆలూరులో ఉన్న పెద్దమ్మ పుట్టింటివాళ్లకైతే అంత పెద్దమనిషి మా అల్లుడని చెప్పుకోవడమే ఒక పండగ. మొగుడు కొడితే పెద్దబాపుకు చెప్పుకోవచ్చు, ఆ పెద్దబాపే కొడితే ఎవరికి చెప్పుకోవాలని నేనొకసారి మా అమ్మను అడిగాను. అమ్మ గబుక్కున నా నోటికి చేయి అడ్డం పెట్టింది.

ఒకరోజు పక్క ఊరి నుంచి ఒక పంచాయితీ వచ్చింది. మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని ఒకామె ఫిర్యాదు. పెద్దబాపు అతన్ని నిలబెట్టి కండువా తీయించాడు. ఆడదాని మీద చేయెత్తేవాడు మనిషే కాదన్నాడు. భార్య ఎదుట, అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలని, మళ్లీ చేయెత్తితే ఊళ్లో మంచికీ చెడుకూ అతనికి పిలుపు ఉండదని తీర్పు చెప్పాడు. జనం ఎంత బాగా చెప్పాడని తలలూపారు. అప్పుడే లోపల పెద్దమ్మ చాయ్ గ్లాసులు సర్దుతోంది. ముందురోజు తిన్న దెబ్బకు ఆమె ఎడమ చేయి పైకి లేవడం లేదు.

జనం లేవబోతుంటే మా నాయనమ్మ, అంటే పెద్దబాపును కన్న తల్లి, పెద్దమ్మను చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఫిర్యాదు చాప మీద కూర్చోబెట్టింది.

"జర కూసోండ్రి, ఇంకొక పంచాయితీ ఉన్నది. నా పెద్దకొడుకు పెండ్లాన్ని కొడుతుండు. ఇప్పుడు చెప్పిన తీర్పే నా కోడలికి గావాలె" అంది.

పెద్దబాపు నవ్వబోయాడు. ముసలిదానికి మతి తప్పిందన్నాడు. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, నిన్నెవరు కొట్టారో చెప్పమన్నాడు. పెద్దమ్మ తలెత్తి జనాన్ని చూసింది. ఆమె చేతి అన్నం తినని మనిషి అక్కడ లేడు. ఒక్కరూ ఆమె కళ్లలోకి చూడలేదు. ఆమె వెనక ఎవరూ లేరు. బావి మెట్లు అంటూ, పాపం, అలవాటైన మాటే మొదలుపెట్టింది.

అప్పుడు నాయనమ్మ వెళ్లి పెద్దమ్మ వెనక చతికిలబడింది. కన్నకొడుకుకు ఎదురుగా, కోడలి తరఫున.

"ఇంటి ఇజ్జత్ పోతదని నేను గుడ ఇన్నేండ్లు నోరు మూసుకున్న బిడ్డా. నీ తరఫున ఎవ్వలు లేరనుకోకు. నేనున్న, చెప్పు."

మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి తడి చేతులతోనే వచ్చి నాయనమ్మ పక్కన కూర్చుంది. నేను అమ్మ ఒళ్లో దూరాను. బయల్దేరబోతున్న పక్క ఊరామె ఆగింది, వెనక్కి వచ్చి మా దగ్గర కూర్చుంది. ఆమెను చూసి మా పొలంలో కూలికి వచ్చే ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. పెద్దమ్మ కొంగు తీసి కమిలిన చేయి అందరికీ చూపించింది.

"నేను మెట్ల మీద పడలే. ఈయన కొట్టిండు."

పెద్దబాపు కుర్చీలోనే ఉండి కండువా సర్దుకున్నాడు. పంచాయితీల్లో ఆయన పక్కన కూర్చునే ముసలి పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. అంతవరకూ పెద్దబాపు మాటకు తలూపడం తప్ప ఆయన చేసిందేమీ లేదు. ఆయనే చివరికి మెల్లగా "లేవు పటేలా" అన్నాడు. పెద్దబాపు లేచాడు. కండువా తీశాడు. ఇందాక పెద్దబాపు చెప్పిన తీర్పునే ఆ ముసలాయన పెద్దబాపుకు చెప్పాడు.

తర్వాత చాన్నాళ్లు పెద్దబాపు తల్లితో మాట్లాడలేదు. తను పెట్టిన బువ్వ తింటున్నాడు కదా, నోరు బాగానే పనిచేస్తోందని నాయనమ్మ నవ్వేసేది. ఇంటి పరువు బజారున పడేసిందని చుట్టాలు తిట్టిపోశారు. ఆమె దానికీ జంకలేదు. పెద్దబాపు మళ్లీ పెద్దమ్మ మీద చేయెత్తలేదు. మనసే మారిందో, ఊరి కళ్లకు భయపడ్డాడో నాకు తెలియదు. పెద్దమ్మ కొంగు కప్పుకోకుండా పొలానికి రావడం చూశాను, నాకది చాలు.

ఇప్పుడు మా పొలాల్లో ఫామ్‌హౌస్‌లు లేచాయి. చాపల పంచాయితీలు పోయాయి, పెద్దమనుషులు మాత్రం అలాగే ఉన్నారు. వాళ్ల మీద ఎవరైనా నోరు విప్పితే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదనే జనం ముందుగా అడుగుతారు. నేను మాత్రం ఆ మాట ఎవర్నీ అడగలేదు. మొన్న గండిపేటలో ఉండే నా మనవరాలు ఫోన్ చేసింది. ఆఫీసులో అందరూ పొగిడే ఒక పెద్దసారు తన కింద పనిచేసేవాళ్లను నానా మాటలంటాడట, చేతిలో ఏముంటే అది మొహాన విసురుతాడట. మర్నాడు మీటింగులో దీని స్నేహితురాలు ఆయన ముందే ఆ సంగతి చెప్పబోతోంది. మిగతావాళ్లంతా ఉద్యోగం పోతుందని వెనక్కి తగ్గారు. నాకూ భయంగా ఉంది, నేనేం చెయ్యాలి అమ్మమ్మా అంది. నేను ఆ నాయనమ్మ మనవరాలిని, నా దగ్గర ఇంకో జవాబు ఎక్కడుంటుంది?

"అందరికన్న ముందుగాల వొయ్యి, ఆ పిల్ల పక్క కుర్సీల కూసో" అన్నాను.